సీజన్‌కు ముందే ప్రత్యర్థి బలాబలాలు తూచడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో జనవరిలో ఒక సీజన్ ముగిసిన తర్వాత ఆగస్టు చివరి వారం వరకు అసలు మ్యాచ్ ఉండదు. ఆ ఏడు నెలలూ అభిమానులు చేసేది ఒక్కటే: రాబోయే ప్రత్యర్థి ఎంతటివాడో లెక్కలు కట్టుకోవడం. నేను ఆస్టిన్‌లో చదువుకుని టెక్సస్ జట్టుకు మనసిచ్చినవాణ్ణి కాబట్టి, ఈ విషయాన్ని నాకు బాగా తెలిసిన ఒకే ఒక్క ఉదాహరణతో వివరిస్తాను. అది 2025 ఆగస్టు 30న కొలంబస్ నగరంలో ఒహాయో స్టేట్‌తో టెక్సస్ ఆడిన తొలి మ్యాచ్. డాలస్, ఆస్టిన్, కొలంబస్ నగరాల్లో ఉంటూ ఈ ఆటను కొత్తగా చూడటం మొదలుపెట్టిన తెలుగువాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలనే ఇక్కడ తీసుకున్నాను.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే ఏ ఆట? ముందుగా ఏం తెలిసి ఉండాలి?

మన ఊళ్లలో కాలితో తన్నే ఫుట్‌బాల్‌ను అమెరికాలో సాకర్ అంటారు. ఇక్కడ మాట్లాడుతున్నది కోడిగుడ్డు ఆకారపు బంతితో, జట్టుకు పదకొండు మందితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ గురించి. బంతి చేతిలో ఉన్న పక్షాన్ని ఆఫెన్స్ అని, అడ్డుకునే పక్షాన్ని డిఫెన్స్ అని అంటారు. ఒకే జట్టులో ఈ రెంటికీ వేర్వేరు ఆటగాళ్లు ఉంటారు. పది యార్డులు ముందుకు వెళ్లడానికి నాలుగు అవకాశాలు ఇస్తారు. ఆట మొత్తాన్ని నడిపించి బంతిని విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. అతనికి ముందు నిలబడి ఎదుటివాళ్లను తోసేసే ఐదుగురు ఆఫెన్సివ్ లైన్. ఈ పేజీకి ఇంతమాత్రం చాలు.

నిరుటి గెలుపోటములు చూస్తే సరిపోదా?

సరిపోదు. ఒక ఆటగాడు కాలేజీలో మామూలుగా నాలుగైదేళ్లకు మించి ఉండడు, బాగా ఆడేవాడు మూడేళ్లకే వృత్తి ఆటలోకి వెళ్లిపోతాడు, ఇప్పుడు మధ్యలో కాలేజీ మారిపోయేవాళ్లు కూడా వేలల్లో ఉన్నారు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలంటారు గానీ, నిరుటి కుండలోని మెతుకు పట్టుకుని ఈ ఏటి కుండ గురించి చెప్పలేం కదా.

ఫ్లోరిడా స్టేట్ జట్టు 2023లో వరుసగా 13 మ్యాచ్‌లు గెలిచింది. ఆ జట్టు నుంచి పదిమంది డ్రాఫ్ట్‌లో, అంటే వృత్తి జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, ఎంపికై వెళ్లిపోయారు. అయినా 2024 సీజన్ ముందు ర్యాంకుల్లో దానికి పదో స్థానం ఇచ్చారు, ఎందుకంటే ర్యాంకు ఇచ్చినవాళ్ల కళ్లముందు ఇంకా పాత జట్టే ఉంది. ఆ ఏడాది అది గెలిచినవి రెండు, ఓడినవి పది. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథ ఇండియానాది. 2023లో మూడు గెలిచి తొమ్మిది ఓడిన ఆ జట్టుకు కర్ట్ సిగ్నెటీ కోచ్‌గా వచ్చాడు, తన పాత కాలేజీ జేమ్స్ మాడిసన్ నుంచి తన పద్ధతి తెలిసిన ఆటగాళ్లను వెంట తెచ్చుకున్నాడు, 2024లో 11 మ్యాచ్‌లు గెలిచాడు, ఆ మరుసటి సీజన్‌లో ఏకంగా జాతీయ చాంపియన్ అయ్యాడు. 2023 రికార్డు పట్టుకుని ఇండియానాను తేలిగ్గా తీసుకున్నవాళ్లందరూ దెబ్బతిన్నారు.

మనకు తెలిసిన పోలిక కావాలంటే ఐపీఎల్ మెగా వేలం ఉంది. 2024లో ఫైనల్ దాకా వెళ్లిన సన్‌రైజర్స్ వేలం తర్వాత 2025లో ఆరో స్థానంలో ఆగిపోయింది. హెడ్, అభిషేక్, క్లాసెన్, కమిన్స్, నితీశ్ రెడ్డి అందరూ ఉన్నా, చుట్టూ ఉన్నవాళ్లు మారిపోయారు. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇంచుమించు అలాంటి వేలం ప్రతి ఏడాదీ జరుగుతుందని అనుకోండి.

అయితే మొట్టమొదట ఏం చూడాలి?

ఎవరు వెళ్లిపోయారో చూడాలి. నేను ఒక తెల్ల కాగితం మీద నిరుటి చివరి మ్యాచ్‌లో మొదలుపెట్టిన 22 మంది పేర్లూ రాసుకుని, వెళ్లిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే కొట్టేస్తూ వస్తాను. కంప్యూటర్‌లో చేసుకోవచ్చు గానీ, చేత్తో గీత గీసినప్పుడు ఆ ఖాళీ ఎక్కడ పడిందో మనసులో నిలిచిపోతుంది.

2024 సీజన్‌లో ఒహాయో స్టేట్ 14 గెలిచి 2 ఓడి, 2025 జనవరి 20న నోటర్ డేమ్‌ను 34-23తో ఓడించి జాతీయ చాంపియన్ అయింది. సగటున మ్యాచ్‌కు 13 పాయింట్లలోపే ఇచ్చిన వాళ్ల డిఫెన్స్ దేశంలోనే మొదటిది. ఆ ఏప్రిల్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో ఆ ఒక్క కాలేజీ నుంచి 14 మంది ఎంపికయ్యారు. క్వార్టర్‌బ్యాక్ విల్ హవర్డ్ వెళ్లిపోయాడు. పరుగెత్తే ఇద్దరు ప్రధాన ఆటగాళ్లు ట్రెవియన్ హెండర్సన్, క్విన్‌షాన్ జడ్‌కిన్స్ వెళ్లిపోయారు. డిఫెన్స్‌లో జాక్ సాయర్, జేటీ తుయిమోలావు, టైలిక్ విలియమ్స్, టై హ్యామిల్టన్ వెళ్లిపోవడంతో ముందు వరుస నలుగురూ ఖాళీ. ఆ పక్క పదకొండు మందిలో కొట్టేయగా మిగిలినవి మూడే పేర్లు: కేలబ్ డౌన్స్, సానీ స్టైల్స్, డేవిసన్ ఇగ్బినోసన్.

ఆ కాగితం చూసి నేను చాలా సంతోషించానని ఒప్పుకోవాలి.

అంతమంది వెళ్లిపోతే జట్టు బలహీనపడ్డట్టే కదా?

నేనూ అలాగే అనుకున్నాను, ఈ విషయంలో నేను చేసిన పెద్ద పొరపాటు కూడా అదే. ఒక స్థానం ఖాళీ అవడం వేరు, ఆ స్థానానికి దిక్కులేకపోవడం వేరు. పెద్ద కాలేజీల్లో ముందు వరుస ఆటగాళ్లను మ్యాచ్ పొడుగునా మారుస్తూ ఉంటారు. మొదలుపెట్టినవాడి పేరు ఒకటే మనకు గుర్తుంటుంది గానీ, అతను ఊపిరి తీసుకోవడానికి పక్కకు వచ్చినప్పుడల్లా ఆడినవాడు ఇంకొకడు ఉంటాడు. సాయర్, తుయిమోలావుల నీడలో మూడేళ్లు నలిగిన కేడెన్ కరీ, కెన్యాటా జాక్సన్ 2025కి కొత్త పేర్లే తప్ప కొత్త ఆటగాళ్లు కారు. అందువల్ల పేరు కొట్టేసిన ప్రతి చోటా, నిరుడు ఆ స్థానంలో రెండో మనిషి ఎవరు, అతను ఎన్ని ఆటల్లో, ఎలాంటి ప్రత్యర్థుల మీద, మ్యాచ్ ఇంకా తేలని సమయంలో బరిలో ఉన్నాడో వెతకాలి. 40 పాయింట్ల ఆధిక్యం వచ్చాక దిగినవాడి అంకెలకు నేను విలువ ఇవ్వను.

ఏ స్థానం ఖాళీ అయిందన్నది కూడా ముఖ్యమే. బంతి పట్టే రిసీవర్ పోతే అదే కాలేజీలో మరొకడు త్వరగానే తయారవుతాడు. ఆఫెన్సివ్ లైన్ మాత్రం అలా తయారు కాదు. ఆ ఐదుగురూ ఒకరి అడుగు ఒకరికి తెలిసేలా కలిసి కదలాలి, దానికి నెలల తరబడి పక్కపక్కన నిలబడి ఆడిన అనుభవం కావాలి. నా జట్టు విషయంలో నేను చూడకుండా వదిలేసింది సరిగ్గా ఇదే: టెక్సస్ ఐదుగురు లైన్‌మెన్‌లో కెల్విన్ బ్యాంక్స్‌తో సహా నలుగురు వెళ్లిపోయారు, డీజే క్యాంప్‌బెల్ ఒక్కడే మిగిలాడు. ఎదుటివాడి కాగితం మీద గీతలు లెక్కపెట్టినవాణ్ణి, నా కాగితం మీద గీతలు లెక్కపెట్టలేదు. డ్రాఫ్ట్‌లో టెక్సస్ నుంచి కూడా 12 మంది వెళ్లారు.

ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అంటే ఏమిటి? దాన్ని లెక్కలోకి ఎలా తీసుకోవాలి?

కాలేజీ మారాలనుకునే ఆటగాడు తన పేరు నమోదు చేసుకునే జాబితాను ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అంటారు. పూర్వం కాలేజీ మారినవాడు సాధారణంగా ఒక ఏడాది ఖాళీగా కూర్చోవలసి వచ్చేది. 2021లో ఒకసారి మారడానికి ఆ నిబంధన ఎత్తేశారు, 2024 నుంచి చదువు విషయంలో అర్హత ఉన్నంతవరకు ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చు. కాబట్టి వెళ్లినవాళ్ల జాబితా ఎంత ముఖ్యమో, వచ్చినవాళ్ల జాబితా అంతే ముఖ్యం.

వచ్చినవాణ్ణి చూసేటప్పుడు నేను రెండు సంగతులు గమనిస్తాను. అతను ఇంతకుముందు ఆడిన చోట పోటీ ఏ స్థాయిది? ఇక్కడ ఏ లోటు పూడ్చడానికి పిలిచారు? ఒహాయో స్టేట్ ఆ శీతాకాలంలో వెస్ట్ వర్జీనియా నుంచి సీజే డొనాల్డ్‌సన్ అనే దిట్టమైన రన్నింగ్ బ్యాక్‌ను, పర్డ్యూ నుంచి మ్యాక్స్ క్లేర్ అనే టైట్ ఎండ్‌ను (లైన్ పక్కన నిలబడి తోయడమూ, బంతి పట్టడమూ రెండూ చేసేవాణ్ణి), మిన్నెసోటా, రైస్ కాలేజీల నుంచి లైన్‌మెన్‌ను తెచ్చుకుంది. హెండర్సన్, జడ్‌కిన్స్ ఇద్దరూ పోయినచోట, గోల్ గీత దగ్గర రెండు యార్డులు తోసుకుని వెళ్లగలిగే మనిషి కావలసి వచ్చాడు కాబట్టే డొనాల్డ్‌సన్ వచ్చాడు. ఏ జట్టు ఎవరిని కొనుక్కుందో చూస్తే, ఆ జట్టు కోచ్‌కు తన జట్టులో ఎక్కడ భయం ఉందో బయటపడుతుంది. ఇది ఏ వీడియో కంటే నిజాయితీ గల సాక్ష్యమని నా నమ్మకం.

ఇక్కడొక విచిత్రం: హీరో కాను అనే డిఫెన్సివ్ లైన్‌మన్ అదే సమయంలో ఒహాయో స్టేట్ వదిలి టెక్సస్‌కు వచ్చాడు.

డబ్బు సంగతి కూడా చూడాలా?

కొంతవరకు చూడాలి. ఆటగాళ్లు వేసిన దావాలో 2025 జూన్ 6న కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందం ప్రకారం, ఆ జులై 1 నుంచి కాలేజీలు తమ క్రీడల రాబడిలో తొలి ఏడాది 2.05 కోట్ల డాలర్ల వరకు నేరుగా ఆటగాళ్లకు పంచవచ్చు. జట్టులో 105 మందికి మించి ఉండరాదు. టెక్సస్, ఒహాయో స్టేట్ వంటి రెండు సంపన్న జట్లను పోల్చేటప్పుడు దీనివల్ల పెద్ద తేడా కనిపించదు. ఒక పెద్ద జట్టుకూ చిన్న జట్టుకూ మధ్య మ్యాచ్ అయితే మాత్రం లోతైన బెంచీ ఎవరికుందో దీన్ని బట్టే తెలుస్తుంది.

ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ కొత్తవాడైతే ఎలా అంచనా వేయాలి?

చాలా జాగ్రత్తగా వేయాలి. ఒహాయో స్టేట్ కొత్త క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సేయిన్ మొదట అలబామాకు వెళ్లి, అక్కడి కోచ్ నిక్ సేబన్ పదవీ విరమణ చేయగానే 2024 జనవరిలో ఒహాయో స్టేట్‌కు మారినవాడు. 2024 సీజన్ మొత్తంలో అతను విసిరిన పాసులు 12 మాత్రమే. పన్నెండు పాసులు చూసి ఎవరి గురించీ తీర్పు చెప్పకూడదు. అలాంటప్పుడు అతన్ని వదిలేసి అతని చుట్టూ ఏముందో చూడాలి. అతని ముందు ఉన్న రిసీవర్ జెరమయా స్మిత్ తొలి ఏడాదిలోనే 1,315 యార్డులు, 15 టచ్‌డౌన్లు (బంతితో ఎదుటివాళ్ల గోల్ గీత దాటడాన్ని టచ్‌డౌన్ అంటారు) సాధించినవాడు. పక్కన కార్నెల్ టేట్ ఉన్నాడు. వెనుక బలమైన డిఫెన్స్ ఉంటే, కొత్త క్వార్టర్‌బ్యాక్ చేత గొప్పలు చేయించకుండా తప్పులు మాత్రం చేయనివ్వకుండా కోచ్ మ్యాచ్ నడుపుతాడు. ఒహాయో స్టేట్ ప్రధాన కోచ్ ర్యాన్ డే ఆ రోజు చేసింది అదే: సేయిన్ 20 పాసులు విసిరి 13 అందించాడు, 126 యార్డులు వచ్చాయి, ఒక్క పాస్ కూడా ప్రత్యర్థి చేతిలో పడలేదు.

టెక్సస్ వైపు కొత్త క్వార్టర్‌బ్యాక్, పేరున్న క్వార్టర్‌బ్యాక్‌ల ఇంటి కుర్రాడు ఆర్చ్ మ్యానింగ్ గురించి దేశమంతా మాట్లాడింది. 2024లో అతను 939 యార్డులు, 9 టచ్‌డౌన్ పాసులు విసిరాడన్నది నిజమే. ఆ ఏడాది అతను మొదటి నుంచి ఆడిన రెండు మ్యాచ్‌లూ ఆస్టిన్‌లోనే, అందులో ఒకటి లూసియానా మన్రో మీద, రెండోది ఆ సీజన్‌లో పది మ్యాచ్‌లు ఓడిన మిసిసిపీ స్టేట్ మీద జరిగాయన్నది కూడా అంతే నిజం. పరాయి మైదానంలో, చాంపియన్ డిఫెన్స్ ఎదుట అతను మొదటి నుంచి ఆడటం కొలంబస్‌లోనే తొలిసారి. సేయిన్ పన్నెండు పాసులను చప్పరించేసిన మేము, మ్యానింగ్ అంకెలను అదే తూకంలో పెట్టలేదు.

కోచ్‌లు మారినప్పుడు పాత వీడియో పనికొస్తుందా?

ఈ ప్రశ్నకు ఇవ్వవలసినంత విలువ చాలామంది ఇవ్వరు. పాత వీడియోలో కనిపించేది ఇద్దరి పని: ఆడినవాడిది, ఆడించినవాడిది. ఆటగాడు అక్కడే ఉండి కోచ్ మారితే, ఆ వీడియో ఆటగాడి కాళ్ల వేగాన్ని, చేతుల బలాన్ని చెబుతుందే తప్ప, అతను ఈ ఏడాది ఎక్కడ నిలబడతాడో చెప్పదు.

చాంపియన్ అయిన కొద్ది వారాలకే ఒహాయో స్టేట్ ఇద్దరు ముఖ్యమైన కోచ్‌లనూ పోగొట్టుకుంది. డిఫెన్స్ నడిపిన జిమ్ నోల్స్ పెన్ స్టేట్‌కు, ఆఫెన్స్ నడిపిన చిప్ కెల్లీ లాస్ వేగస్ రైడర్స్ అనే వృత్తి జట్టుకు వెళ్లిపోయారు. ఆఫెన్స్ బాధ్యత అక్కడే ఉన్న బ్రయన్ హార్ట్‌లైన్‌కు ఇచ్చారు కాబట్టి అక్కడ పెద్ద ఆశ్చర్యాలు ఉండవని ఊహించవచ్చు. డిఫెన్స్‌కు మాత్రం మ్యాట్ పట్రీషియాను తెచ్చారు. ఆయన వృత్తి ఆటలో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌కు ఏళ్లపాటు డిఫెన్స్ నడిపి, డెట్రాయిట్ లయన్స్‌కు ప్రధాన కోచ్‌గా మూడు సీజన్లు సరిగా నిలదొక్కుకోలేక పోయినవాడు. కాలేజీ స్థాయిలో పనిచేసి ఇరవై ఏళ్లు దాటింది. డెట్రాయిట్‌లో ఆయన గెలుపోటములు 13-29-1 అని గుర్తు చేసి, ఇక ఒహాయో స్టేట్ డిఫెన్స్ పని అయిపోయిందని మాలో చాలామంది తేల్చేశారు.

ఆ తీర్పులో రెండు తప్పులున్నాయి. ప్రధాన కోచ్‌గా విఫలమైనవాడు డిఫెన్స్ కోచ్‌గా కూడా విఫలమవుతాడని అనుకోవడం మొదటిది. ఆ రెండు ఉద్యోగాలూ వేరు. రెండోది, 2024లో నోల్స్ నడిపిన డిఫెన్స్ వీడియోలను గంటల తరబడి చూసి, 2025లో కూడా అదే ఎదురవుతుందన్నట్టు మాట్లాడుకోవడం. చూడవలసినవి పేట్రియట్స్ రోజుల వీడియోలు. బంతి కదలకముందు ఒక అమరిక చూపించి, కదిలిన క్షణంలో మరో అమరికలోకి మారిపోయి, కుర్ర క్వార్టర్‌బ్యాక్ ఒక్క క్షణం తటపటాయించేలా చేయడం ఆ బడి చదువు. మొదటిసారి పరాయి మైదానానికి వచ్చిన క్వార్టర్‌బ్యాక్‌కు ఆ ఒక్క క్షణమే ప్రాణాంతకం.

కోచ్ మారనిచోట పాత వీడియో ఎంత బాగా పనిచేస్తుందో కూడా ఇదే మ్యాచ్‌లో తెలిసింది. టెక్సస్ డిఫెన్స్‌ను పీట్ క్వియట్‌కౌస్కీయే నడిపాడు. ఈ రెండు జట్లే తలపడ్డ 2025 జనవరి కాటన్ బౌల్ సెమీఫైనల్‌లో ఆయన పన్నాగం జెరమయా స్మిత్‌ను ఒక్క క్యాచ్‌కు, మూడు యార్డులకు కట్టడి చేసింది. ఆగస్టులో అదే స్మిత్ ఆరు క్యాచ్‌లు పట్టినా 43 యార్డులు దాటలేదు. ఆ అంచనా చెక్కుచెదరలేదు.

వీడియో చూసేటప్పుడు కళ్లు ఎక్కడ పెట్టాలి?

బంతి మీద పెట్టకూడదు. టీవీ మనకు బంతినే చూపిస్తుంది కాబట్టి అలవాటు మానడం కష్టం, అయినా ప్రతి ఆటనూ కనీసం రెండుసార్లు చూడండి: మొదటిసారి రెండు లైన్లు ఢీకొనే చోటు, రెండోసారి డిఫెన్స్‌లో అందరికంటే వెనుక నిలబడే సేఫ్టీలు బంతి కదలకముందు ఎక్కడున్నారు, కదిలాక ఎటు వెళ్లారన్నది. మ్యాచ్ మొత్తం చూసే తీరిక లేకపోతే మూడో అవకాశం ఆటలు, గోల్ గీతకు 20 యార్డులలోపు ఆటలు చూడండి; అక్కడ ఎవరూ దాచుకోరు.

ఒక్కటి దగ్గరగా చూద్దాం. 2025 జనవరి 10, ఆర్లింగ్టన్, కాటన్ బౌల్ సెమీఫైనల్. 21-14తో వెనుకబడిన టెక్సస్‌కు చివరి నిమిషాల్లో ఒహాయో స్టేట్ గీతకు ఒకే ఒక్క యార్డు దూరంలో బంతి దొరికింది, నాలుగు అవకాశాలూ ఉన్నాయి. మొదటిసారి మధ్యలోంచి పరుగెత్తితే అంగుళం కదల్లేదు. రెండోసారి బంతిని పక్కకు విసిరి అంచు నుంచి వెళ్లబోతే ఏడు యార్డులు వెనక్కి పడ్డారు. మూడో పాస్ నేలపాలైంది. నాలుగోసారి జాక్ సాయర్ అప్పటి టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ క్విన్ ఈవర్స్ చేతిలోంచి బంతి ఊడగొట్టి, తానే పట్టుకుని 83 యార్డులు పరుగెత్తాడు. 28-14. చాలామందికి ఆ పరుగే గుర్తుంది. ఆ వీడియోలో నిజంగా చదవవలసింది మొదటి ఆట: ఒక్క యార్డు కావలసినచోట టెక్సస్ లైన్ ఎదుటి లైన్‌ను తోయలేకపోయింది. అప్పుడు ఆ లైన్‌లో బ్యాంక్స్ ఉన్నాడు, అనుభవం ఉన్న ఐదుగురూ ఉన్నారు.

స్ప్రింగ్ గేమ్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

దాదాపు నమ్మనక్కరలేదు. ఏప్రిల్‌లో ఒకే జట్టు రెండుగా చీలి ఆడే ప్రదర్శన అది, అసలు పన్నాగాలు ఎవరూ బయటపెట్టరు. 2025లో ఒహాయో స్టేట్ దాన్ని నిర్వహించింది, టెక్సస్ ఆ సంప్రదాయాన్నే పక్కన పెట్టింది. ఎవరు గాయంతో కూర్చున్నారు, రెండో వరుసలో ఎవరు ఎక్కువసేపు ఆడారు అన్న రెండు విషయాలకు మాత్రం చూడవచ్చు.

సీజన్ ముందు ర్యాంకులు, కంప్యూటర్ లెక్కలు ఏమైనా చెబుతాయా?

రెండూ వేర్వేరు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఇచ్చే ఏపీ ర్యాంకులు పాత్రికేయుల ఓట్లు. 2025లో టెక్సస్ తన చరిత్రలో మొదటిసారి సీజన్ ముందు ఒకటో ర్యాంకు పొందింది. పెన్ స్టేట్ రెండు, ఒహాయో స్టేట్ మూడు. ఆ రెండో ర్యాంకు పెన్ స్టేట్ అక్టోబర్‌లోనే తన కోచ్‌ను సాగనంపింది. టెక్సస్ ప్లేఆఫ్‌కు వెళ్లలేదు. ఈ ర్యాంకులు జట్టు పేరు, కోచ్ పేరు, క్వార్టర్‌బ్యాక్ ఇంటిపేరు మీద బాగా ఆధారపడతాయని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

బిల్ కానలీ ఎస్‌పీ ప్లస్ లాంటి లెక్కలను నేను ఎక్కువ గౌరవిస్తాను. నిరుటి యార్డుల్లో, టాకిల్స్‌లో (బంతి ఉన్నవాణ్ణి పడగొట్టడాల్లో), ఆడిన సమయంలో ఎంత శాతం ఈ ఏడాదికి తిరిగి వస్తోందో కొలిచి, ఇటీవలి సంవత్సరాల ఆటగాళ్ల ఎంపిక నాణ్యతను, జట్టు గత ప్రదర్శనను కలిపి ఒక అంచనా వేస్తాయవి. అభిమానం వాటికి ఉండదు. అయితే పట్రీషియా ముఖం మార్చిన అమరికను అవి కొలవలేవు. రెడ్‌షర్ట్ వేసుకుని ఏడాదంతా పక్కన కూర్చుని నేర్చుకున్న కుర్రాడి సంగతీ వాటికి తెలియదు. నాలుగు మ్యాచ్‌లకు మించి ఆడకపోతే ఆ ఏడాది అర్హత ఖర్చు కానట్టే లెక్క, దాన్నే రెడ్‌షర్ట్ అంటారు. ఆ ఆగస్టులో టెక్సస్ సాధించిన ఒకే ఒక్క టచ్‌డౌన్ పట్టినవాడు పార్కర్ లివింగ్‌స్టన్. 2024లో అతను రెడ్‌షర్ట్‌లో ఉన్నాడు.

పాత ముఖాముఖీ చరిత్ర పనికొస్తుందా?

లేదు. 2005లో ఇదే కొలంబస్‌లో టెక్సస్ 25-22తో గెలిచింది, 2006లో ఆస్టిన్‌లో ఒహాయో స్టేట్ 24-7తో బదులు తీర్చుకుంది. చెప్పుకోవడానికి బాగుంటుంది. 2025లో ఆడిన పిల్లల్లో కొందరు అప్పటికి పుట్టనే లేదు.

మైదానం ఎంత ముఖ్యం?

తొలి మ్యాచ్‌కు చాలా ముఖ్యం. ఒహాయో స్టేడియం 1922లో కట్టినది, గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది, లక్షా రెండు వేలమందికి పైగా పడతారు. ఆ హోరులో క్వార్టర్‌బ్యాక్ నోటి మాట తన లైన్‌మెన్‌కే వినపడదు. తల కదలికతోనో, చేతి తట్టుతోనో బంతి అందుకునే వేళ చెప్పుకోవాలి. డిఫెన్స్ లైన్ బంతిని చూసి కదులుతుంది, ఆఫెన్స్ లైన్ సైగను చూసి కదులుతుంది. కలిసి ఆడటం ఇంకా అలవాటు కాని లైన్‌కు ఆ తేడా చాలా బరువవుతుంది. ప్రత్యర్థి మైదానంలో తొలి మ్యాచ్ అయితే, మీ జట్టు లైన్‌లో పాతవాళ్లు ఎంతమందో ముందు చూసుకోండి.

మన కోచ్‌లు వెళ్లి ప్రత్యర్థి మ్యాచ్‌లు చూసి రావచ్చు కదా?

కూడదు. రాబోయే ప్రత్యర్థి మ్యాచ్‌కు మనిషిని పంపి పరిశీలించడాన్ని కాలేజీ క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ 1994 నుంచి నిషేధించింది. వీడియోలను మాత్రం జట్లు పరస్పరం అందుబాటులో ఉంచుతాయి కాబట్టి చిన్నా పెద్దా అందరికీ సమానంగా దొరుకుతాయి. ప్రయాణాలకు డబ్బున్నవాడికే లాభం కలగకూడదన్నది ఆ నిబంధన ఉద్దేశం. 2023లో మిషిగన్ వ్యవహారం బయటపడింది దీనివల్లే. ఆ జట్టు ఉద్యోగి ఒకరు ప్రత్యర్థుల మ్యాచ్‌లకు టికెట్లు కొని మనుషులను పంపి, పక్కన నిలబడ్డ కోచ్‌లు చేతులతో చేసే సైగలను చిత్రీకరింపజేశాడన్నది అభియోగం. 2025 ఆగస్టులో ఎన్‌సీఏఏ ఆ జట్టుకు భారీ జరిమానాలు వేసింది. మైదానంలో ఉండి ఎదుటివాళ్ల సైగలు కళ్లతో గమనించి చదవడం మాత్రం తప్పు కాదు. 2024 నుంచి కోచ్ మాట హెల్మెట్‌లోని స్పీకర్ ద్వారా ఒక ఆటగాడికి నేరుగా వినపడే ఏర్పాటు వచ్చింది కాబట్టి ఈ బెడద కొంత తగ్గింది.

అభిమానులకు ఏ నిషేధమూ లేదు. వెళ్లి చూసి రండి.

ఇంతకీ ఆ మ్యాచ్‌లో అంచనాలు ఎంతవరకు నిజమయ్యాయి?

ఒహాయో స్టేట్ 14, టెక్సస్ 7. మొత్తం యార్డులు చూస్తే టెక్సస్‌వే ఎక్కువ: 336కు 203. ఒహాయో స్టేట్ ఆఫెన్స్ తడబడుతుందన్న లెక్క తప్పలేదు, టెక్సస్ డిఫెన్స్ గురించి చెప్పుకున్నదంతా నిజమే. ఒహాయో స్టేట్ తొలి టచ్‌డౌన్ ఒక యార్డు దూరం నుంచి డొనాల్డ్‌సన్ తోసుకుని వెళ్లి సాధించాడు. ఏ పనికి పిలిచారో ఆ పనే చేశాడు. రెండోది టేట్‌కు సేయిన్ విసిరిన 40 యార్డుల పాస్.

టెక్సస్ నాలుగో అవకాశంలో ఐదుసార్లు ప్రయత్నించి ఒక్కసారే నెగ్గింది. వాటిలో ఒకటి మూడో క్వార్టర్‌లో, మళ్లీ సరిగ్గా గోల్ గీతకు ఒక్క యార్డు దూరంలో వచ్చింది. మ్యానింగ్ బంతి అందుకుని తన లైన్ వెనకే తల వంచి దూరాడు. ఎదుటి కుప్ప కదల్లేదు. జనవరిలో సాయర్, తుయిమోలావు నిలబడ్డ చోట ఆగస్టులో కరీ, జాక్సన్, మెక్‌డానల్డ్ నిలబడ్డారు, ఆ గీత మాత్రం దాటనివ్వలేదు. నేను పేర్లు కొట్టేసి సంతోషించిన ఆ ముందు వరుసే మ్యాచ్ నిలబెట్టింది. మ్యానింగ్ 30 పాసుల్లో 17 అందించి 170 యార్డులు సాధించాడు, ఒకటి ప్రత్యర్థికి చిక్కింది. ఆ కుర్రాణ్ణి తప్పుపట్టడం నాకు ఇష్టం ఉండదు. అతని ముందున్న ఐదుగురిలో నలుగురు కొత్తగా వచ్చి నిలబడ్డవాళ్లని ఏప్రిల్‌లోనే తెలిసి కూడా మేమే పట్టించుకోలేదు.

2026లో ఒహాయో స్టేట్ ఆస్టిన్‌కు వస్తోంది కదా, దానికి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఆ మ్యాచ్ తేదీ 2026 సెప్టెంబర్ 12. రెండు తెల్ల కాగితాలు తీసుకోండి, ఒకటి వాళ్లకు, ఒకటి మనకు. మొదట మన కాగితం మీద ఆఫెన్సివ్ లైన్ ఐదుగురి పేర్లు రాయండి. ఆ తర్వాత వాళ్ల ముందు వరుస నలుగురి పేర్లు, ఒక్కొక్కరి వెనుక రెండో మనిషి పేరు, వాళ్లకు ఆట నేర్పుతున్న కోచ్ పేరు, ఆ కోచ్ అక్కడికి వచ్చి ఎన్నాళ్లైందో రాయండి. క్వార్టర్‌బ్యాక్‌ల పేర్లు చివర రాసుకోవచ్చు.